నీరు, నీడ, నడుం వాల్చే వేళ

(రాజాంలో జరిగిన రైతు సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు ఇచ్చిన అంశం కాగితం మీద చాలా పెద్దగా కనబడుతోంది. మానవ హక్కులు, ప్రజారోగ్యం, వాతావరణ మార్పులు, ఈ మూడింటి మీద పనిచేసే నిపుణులు. కాగితం చూసి ఒక పెద్దాయన "ఇందులో యూరియా సంగతి ఏదీ బాబూ?" అని అడిగారు. యూరియా మధ్యాహ్నం ఉంది, గిట్టుబాటు ధర కూడా ఉంది. అవి మాట్లాడుకోవడానికి ముందు, యూరియా చల్లే మనిషి సంగతి ఒక గంట మాట్లాడుకుందామని కమిటీ అనుకుంది.

మనకూ ఉద్దానానికీ మధ్య నాగావళి, వంశధార రెండు ఏర్లు అడ్డం ఉన్నాయి. ఇప్పుడైతే జిల్లా కూడా వేరైంది. 2022 ఏప్రిల్‌లో రాజాంను విజయనగరంలో కలిపారు. అందుకని ఉద్దానం కిడ్నీ జబ్బు అంటే మనలో చాలామందికి అది అక్కడి వాళ్ళ కష్టం. అయ్యో పాపం అనుకుని వదిలేస్తాం. ఆ జబ్బు ఎవరికి వస్తోందో కాస్త దగ్గరగా చూస్తే అలా వదిలెయ్యలేం.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలు. చూసిన వాళ్ళు కోనసీమకు చెల్లెలంటారు. మామూలుగా కిడ్నీ చెడిపోయిందంటే డాక్టర్లు ముందు షుగరుందా, బీపీ ఉందా అని అడుగుతారు. ఇక్కడ ఆ రెండూ లేని మనుషులకే వస్తోంది. ఎక్కువగా పొలంలో, తోటలో ఒళ్ళు వంచి పనిచేసే వాళ్ళకి. నొప్పి ఉండదు. చాలామందికి కాళ్ళు వాచేదాకా, అన్నం సహించక వాంతులయ్యేదాకా తెలియదు. అప్పటికి కిడ్నీలో సగం పైగా పోయి ఉంటుంది. విశాఖ కేజీహెచ్‌లో కిడ్నీ వైద్యుడిగా పనిచేసి, తరవాత ఆరోగ్య విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయిన డాక్టర్ టి.రవిరాజు లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి దీని వెంట పడ్డారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వచ్చారు, అమెరికా హార్వర్డ్ నుంచి వచ్చారు. ఊళ్ళు తిరిగి చేసిన సర్వేల్లో ఇంచుమించు అయిదుగురు పెద్దవాళ్ళలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది.

కారణం? అది ఇంకా తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఒళ్ళునొప్పులకు మింగే బిళ్ళలన్నారు, వంశపారంపర్యం అన్నారు, ఎండలో పని అన్నారు. ఇదొక్కటే కారణమని ఎవరూ నిరూపించలేదు. ఎవరైనా మీ ఊరొచ్చి ఫలానా మందు వల్లే, ఫలానా బోరు నీళ్ళ వల్లే అని బల్ల గుద్ది చెబితే నమ్మకండి. అలా చెప్పేవాళ్ళలో కొందరికి అమ్ముకోవడానికి ఒక ఫిల్టరు కూడా ఉంటుంది.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని మేం అనం. డయాలసిస్ కేంద్రాలు పెట్టారు. డయాలసిస్ మీద ఉన్న వాళ్ళకు నెలకు పది వేల పింఛను వచ్చింది. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ప్రజలు ఏళ్ళకేళ్ళు అడిగితే వచ్చినవి ఇవి, ఎవరూ దయతలచి ఇవ్వలేదు. కానీ ఇందులో తాగునీరు తప్ప మిగతావన్నీ కిడ్నీ పోయిన తరవాత అక్కరకొచ్చేవి. ఆ మనిషి ఏ పని చేస్తూ, ఎంత ఎండలో, ఎన్ని నీళ్ళు తాగి ఆ స్థితికి వచ్చాడన్నది ఏ పథకంలోనూ లేదు.

ఇక్కడ మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్ళాలి. మధ్య అమెరికాలో నికరాగువా అని చిన్న దేశం. అందులో చిచిగల్పా అనే ఊరు. చుట్టూ చెరకు. అక్కడ చెరకు కొట్టే మగవాళ్ళు ముప్ఫై ఏళ్ళకీ నలభై ఏళ్ళకీ కిడ్నీలు పోయి చచ్చిపోయారు. వాళ్ళకీ షుగరు లేదు, బీపీ లేదు. ఒక పేటలో మగవాళ్ళు ఎంతమంది పోయారంటే దానికి భర్తలు పోయిన ఆడవాళ్ళ దీవి అని పేరు పడిపోయింది.

వాళ్ళు ఏం చేశారో చూడండి. ముందు డాక్టర్ల దగ్గరకు వెళ్ళారు, జవాబు రాలేదు. జబ్బుపడిన కార్మికులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ చక్కెర కంపెనీకి ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ అప్పిచ్చిందని తెలుసుకున్నారు. అప్పిచ్చిన వాడికీ బాధ్యత ఉంటుందని, ఆ సంస్థలోనే ఫిర్యాదులు వినే విభాగానికి 2008లో ఫిర్యాదు పెట్టారు. అది హక్కుల ఫిర్యాదు, వైద్యానికి పెట్టుకున్న అర్జీ కాదు. దాని మీద కంపెనీనీ కార్మికులనూ ఒకచోట కూర్చోబెట్టారు. ఇద్దరికీ సమ్మతమైన పరిశోధకులుగా బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చారు. వాళ్ళు చెరకు కొట్టేవాళ్ళను మాత్రమే చూసి ఊరుకోలేదు. గనుల్లో, ఓడరేవులో, ఇళ్ళ కట్టుబడిలో పనిచేసే వాళ్ళనూ పరీక్షించారు. పురుగుమందు వాసన తగలని ఆ పనుల్లో కూడా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు కనిపించారు. అందరిలో ఉమ్మడిగా ఉన్నది ఎండ, బరువు పని. అక్కడా చివరి మాట ఇంకా రాలేదు. కానీ చూడవలసిన వైపు ఏదో తెలిసింది.

ఒళ్ళు వంచి పనిచేస్తుంటే లోపల వేడి పుడుతుంది, బయట ఎండ దానికి తోడవుతుంది. చెమట పోతుంది, నీళ్ళు తగ్గుతాయి, రక్తం చిక్కబడుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు శరీరం కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. ఒక్క రోజైతే రాత్రికి కోలుకుంటుంది. అదే రోజు తరవాత రోజు, సీజను తరవాత సీజను జరిగితే, కోలుకునే లోపే మళ్ళీ దెబ్బ. సాయంత్రం ఒళ్ళు నొప్పులని మందుల షాపులో బిళ్ళ కొని మింగితే ఆ మిగిలిన రక్తం కూడా తగ్గుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు ఒంట్లో నీళ్ళు లేనప్పుడు కిడ్నీకి చేసే చెరుపు ఇదే. మన పల్లెల్లో అవి బెల్లం ముక్కల్లా అమ్ముతున్నారు.

నికరాగువాలో తరవాత ఒక పెద్ద చక్కెర మిల్లు పొలాల్లో లా ఇస్లా నెట్‌వర్క్ అనే సంస్థ ఒక పద్ధతి పెట్టించింది. ఆ పేరు కూడా ఇందాక చెప్పిన దీవి పేరే. పద్ధతి చెబితే నవ్వుతారు. నీళ్ళు, నీడ, విశ్రాంతి. పనివాళ్ళతో పాటు కదిలే డేరా. గంట గంటకూ కొన్ని నిమిషాలు కూర్చోవడం. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. విశ్రాంతి పెంచిన సీజనులో కోత కూలీల కిడ్నీ దెబ్బలు బాగా తగ్గాయి. కోత పని కుంటుపడలేదని, కంపెనీ పెట్టిన ఖర్చుకు మించి తిరిగొచ్చిందని కూడా లెక్క వేసి ప్రచురించారు. దీనికి పెద్ద చదువులెందుకు, మా అమ్మమ్మ చెప్పేదే కదా అని మీకనిపిస్తుంది. నిజమే, అమ్మమ్మ చెప్పింది. పొద్దున్నే చోడంబలి తాగి వెళ్ళమంది, తరవాణి పట్టుకెళ్ళమంది, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చింతచెట్టు కింద పడుకోమంది. కాని టన్నుకింత అని గుత్తకు ఒప్పుకున్న మనిషికి ఆ మాట పనికిరాదు. కూర్చున్న ప్రతి నిమిషం వాడి జేబులోంచి పోతుంది. నికరాగువా లెక్క తేల్చింది ఇదీ. విశ్రాంతి మంచిదని చెప్పడం సలహా అవుతుంది. విశ్రాంతికి కూలి తగ్గకుండా చూస్తే హక్కవుతుంది.

అక్కడి నుంచి ఒక హెచ్చరిక కూడా ఉంది. పరీక్షలు మొదలయ్యాక ఏం జరిగిందంటే, క్రియాటినిన్ ఎక్కువ వచ్చిన వాడిని మరుసటి సీజనుకు పనిలో పెట్టుకోలేదు. వాడు వేరే పేరుతో, వేరే గుత్తేదారు కింద, అంతకన్నా అధ్వానమైన చోట పనికి వెళ్ళాడు. పరీక్ష అంటే భయం పట్టుకుంది. మన దగ్గర పరీక్షలు పెట్టమని అడిగేటప్పుడు ఆ ఫలితం చూపి ఎవరికీ పని తీసెయ్యకూడదని కూడా అదే నోటితో అడగాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సంకిలి వైపు చెరకు ఉంది, రాజాం చుట్టూ మొక్కజొన్న, పత్తి ఉన్నాయి. మడ్డువలస నీళ్ళు అందే చోట వరి. ఒకప్పుడు ఊరూరా ఉన్న గోగు తగ్గింది కానీ, ఉన్నచోట నడుములోతు మురుగు నీళ్ళలో నిలబడి నార తీసే పని అలాగే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో చెరువు పనులు, ఇటుక బట్టీలు. జులై, ఆగస్టుల్లో ఉడుపులు. మే ఎండ అందరికీ కనిపిస్తుంది. ఉడుపుల నాటి ఉక్క కనిపించదు. మబ్బు పట్టి ఉంటుంది, థర్మామీటరులో 34, 35 కన్నా ఉండదు, కాని గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే వేడిని కొలిచే నిపుణులు ఉత్త థర్మామీటరును నమ్మరు. దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి కూడా చూస్తారు, రెండూ కలిపి లెక్క కడతారు. ఆ లెక్కలో 20 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి పనిచేసే శక్తి నూటికి రెండు మూడు వంతులు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ 2025లో కలిసి చెప్పాయి. ఎండలో పని వల్ల వచ్చిన కిడ్నీ జబ్బుతో బతుకుతున్న వాళ్ళు ప్రపంచంలో 2 కోట్ల 62 లక్షల మంది అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా కట్టింది. 2015 మే ఎండలకు ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఏసీ గదుల వాళ్ళు ఎందరుంటారో మీరే ఊహించుకోండి.

ఉద్దానంలో ఇంకో సంగతి జరిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు కూకటివేళ్ళతో పోయాయి. నష్టపరిహారం లెక్కల్లో చెట్టుకింత అని రాశారు. ఆ చెట్టు కింద నీడ లెక్క ఎవరూ రాయలేదు. ముప్ఫై ఏళ్ళ తోట పోయిన చోట మళ్ళీ పెట్టిన మొక్క నీడనిచ్చేదాకా ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలి? తుపాను ఒక శాఖది, కిడ్నీ ఒక శాఖది, కూలి ఒక శాఖది. మనిషి మాత్రం ఒక్కడే.

మన పిల్లలు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. ఖతర్‌లో 2021 నుంచి ఒక ఉత్తర్వు ఉంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదు. ఇందాకటి తడిగుడ్డ లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. అది అమలయ్యే తీరులో లోపాలున్నాయి, నేపాలు కుర్రాళ్ళు గల్ఫ్ నుంచి కిడ్నీలు పోగొట్టుకుని తిరిగొస్తున్న సంగతి ప్రపంచమంతా చదివింది. అయినా చట్టమంటూ ఒకటుంది. కాలిఫోర్నియాలో 2005లో వచ్చిన నిబంధన ప్రకారం పొలంలో మనిషికి గంటకు దాదాపు లీటరు నీళ్ళు, నీడ చూపించడం యజమాని బాధ్యత. అక్కడి వ్యవసాయ కార్మిక సంఘం పట్టుబట్టి సాధించింది. మన ఉపాధి హామీకి 2005లో చేసిన చట్టంలో కూడా పనిచోట నీడ, తాగునీరు, మందుల పెట్టె ఉండాలని రాశారు. చెరువు గట్టు మీద ఆ నీడ ఎన్ని ఊళ్ళలో చూశారు? చేతులెత్తండి. (ఎత్తినవి నాలుగైదు చేతులు. సం.)

ఇక కష్టమైన మాట. ఈ హాలులో ఉన్నవాళ్ళలో సగం మంది కూలీలను పెట్టుకునే వాళ్ళే. రెండెకరాల కౌలు రైతు కూడా ఉడుపులకు పదిమందిని పిలుస్తాడు. విశ్రాంతి ఇవ్వాలి, కూలి తగ్గించకూడదు అంటే "మరి మాకు ఎవరిస్తారు?" అనే ప్రశ్న వస్తుంది. కమిటీలో దీని మీద రెండు రోజులు వాదన జరిగింది. ధర లేని పంటకు అదనపు ఖర్చు ఎక్కడి నుంచి తెస్తామని కొందరు, కౌలు రైతు తానే ఆ ఎండలో ఉంటాడు కదా అని కొందరు. మేం వచ్చిన నిర్ణయం ఇది. ఆ ఖర్చు ఖర్చే. దాన్ని కూలీ ఒంటి మీద వెయ్యడం మానేసి సాగు ఖర్చులో చూపించాలి. మద్దతు ధర లెక్క కట్టేవాళ్ళు విత్తనం, ఎరువు, దుక్కి రాసినట్టే నీడకూ నీళ్ళకూ విశ్రాంతి గంటకూ ఖర్చు రాయాలి. మన పోరాటం ఆ లెక్క రాసేవాళ్ళతో. పక్కన వంగి ఉడుపు వేసే అక్కతో కాదు. దీన్ని ఒప్పుకోని సభ్యులు ఉన్నారు, మధ్యాహ్నం వాళ్ళు మాట్లాడతారు, వినండి.

దీనికి ఆధారం లేకపోలేదు. 2018 డిసెంబరు 17న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ రైతుల, గ్రామీణ శ్రమజీవుల హక్కుల ప్రకటన ఆమోదించింది. ఆ ఆలోచనను ముందు తెచ్చింది పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కారు, లా వియా కంపెసినా అనే రైతు సంఘాల సమాఖ్య. అందులో 14వ అధికరణం భద్రమైన, ఆరోగ్యకరమైన పరిస్థితుల్లో పనిచేసే హక్కు గురించే. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. 2024 మార్చిలో మన సుప్రీంకోర్టు బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పుల చెడు ఫలితాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద పౌరుడి హక్కేనని చెప్పింది. పిట్ట పుణ్యమా అని మనకొక మాట దొరికింది. ప్రకటనతో, తీర్పుతో రేపే నీడ రాదు. కలెక్టరు ముందు అర్జీ పెట్టినప్పుడు అది దానం అడగడం కాదని చెప్పడానికి పనికొస్తాయి.

నిపుణులతో ఎలా పనిచెయ్యాలో మన జిల్లాల్లోనే పాఠం ఉంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం పెడతామన్నప్పుడు ముందు నిలబడ్డ పర్యావరణ పరిరక్షణ సంఘానికి నాయకుడు అక్కడి డాక్టరు వై.కృష్ణమూర్తి. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్.శర్మ కాగితాల మీద పోరాడారు. మానవ హక్కుల వేదిక వాళ్ళు వచ్చి ఊరూరా విచారించి రాశారు. బీలలో నీళ్ళుంటాయని, అవి ఎందరికి తిండి పెడతాయో రైతులూ మత్స్యకారులూ చెప్పారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఢిల్లీలో ఆ కాగితం గెలవడానికి బీలలో పుట్టి పెరిగిన వాళ్ళ మాటే ఆధారం. డాక్టరు, అధికారి, హక్కుల కార్యకర్త తలా ఒకవైపు పనిచేసి ఉంటే అది జరిగేది కాదు. రైతు లేకుండా ఆ ముగ్గురూ కలిసినా జరిగేది కాదు.

అన్ని రాకలూ అలా ఉండవు. ఉద్దానం పల్లెల్లో వినబడే మాట ఒకటుంది. "రక్తం పట్టుకెళ్ళారు, ఏటి తేలిందో చెప్పలేదు." ఒకే మనిషి చేతికి నాలుగు సార్లు సూది గుచ్చి, నాలుగు ఫలితాల్లో ఒక్కటీ చేతికివ్వకపోతే అయిదో వాడికి చెయ్యి ఎందుకు చాపుతాడు? అందుకని మన ఊళ్ళకు ఎవరొచ్చినా, ఎంత మంచివాళ్ళయినా, మూడు షరతులు చెబుదాం. పరీక్ష ఫలితం ఆ మనిషికి తెలుగులో, కాగితం మీద ఇవ్వాలి. ఏ ప్రశ్న మీద పరిశోధన చేస్తున్నారో ముందే ఊరి సభలో చెప్పాలి. చివరికి ఏం తేలినా, ఏమీ తేలకపోయినా, మళ్ళీ వచ్చి చెప్పాలి. ఈ షరతులు విని నొచ్చుకునే శాస్త్రవేత్త ఉంటే ఆయన మనకు అక్కర్లేదు.

ఈ సదస్సు ముందు కమిటీ పెడుతున్న పనులు ఇవి. చెరకు కొట్టేవాళ్ళు, బట్టీల్లో పనిచేసేవాళ్ళు, పురుగుమందు కొట్టేవాళ్ళు, వలస వెళ్ళొచ్చినవాళ్ళు, వీళ్ళందరికీ ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చెయ్యాలని అడుగుతున్నాం. ఉద్దానంలోనే చేస్తాం అంటే కుదరదు. వెతకని చోట జబ్బు లేదనడానికి ఆధారం లేదు. వచ్చే ఉడుపుల నుంచి మన సభ్యుల పొలాల్లో పని తెల్లవారి మొదలై పదకొండుకు ఆగాలి, మళ్ళీ మూడున్నరకు మొదలవ్వాలి, కూలి రేటు మారకూడదు. గట్టు మీద తాటాకు పందిరో, టార్పాలిన్ పట్టానో వెయ్యాలి. బిందెడు నీళ్ళు, ఉప్పేసిన గంజి గాని మజ్జిగ గాని ఉండాలి. బీపీ ఉన్నవాళ్ళు, ఇప్పటికే కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ఉప్పు, నీళ్ళు ఎంత తీసుకోవాలో డాక్టరును అడిగే తీసుకోవాలి. పనికొచ్చే ఆడవాళ్ళు మూత్రానికి వెళ్ళే చాటు లేక నీళ్ళు తాగడం మానేస్తున్నారు. మగవాళ్ళం దీన్ని ఏ సభలోనూ ఎత్తం. పందిరి వేసేటప్పుడే ఆ చాటు కూడా కట్టండి, నాలుగు తడికలు చాలు.

ఊరికొక పుస్తకం ఇస్తున్నాం. పని జరిగిన రోజు, ఏ పని, ఎన్ని గంటలు, ఎవరైనా కళ్ళు తిరిగి కూర్చున్నారా, నొప్పి బిళ్ళ ఎవరు ఎన్ని మింగారు, మూత్రం మంటగా, చిక్కగా వస్తోందన్నవాళ్ళు ఎందరు, ఇవి రాయాలి. పేర్లు రాయకండి, వయసు, ఆడా మగా అని రాస్తే చాలు. రాయడం రానివాళ్ళు ఇంటర్ చదివే పిల్లల చేత రాయించండి. రెండు పంటకాలాల పుస్తకాలు జమ అయ్యాక వాటిని డాక్టర్ల ముందూ, లాయర్ల ముందూ, వ్యవసాయ శాఖ వాళ్ళ ముందూ ఒకే బల్ల మీద పెడతాం. పుస్తకాలు బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నాయి. భోజనానికి వెళ్ళేటప్పుడు ఊరి పేరు చెప్పి, సంతకం చేసి పట్టుకెళ్ళండి. భోజనాలయ్యాక యూరియా.